యరగేరలో బస్సు దిగిన రోజు

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదో పదో ఏళ్ళున్న ఏడాది, వేసవి సెలవులు మొత్తం ఎమ్మిగనూరు దగ్గర మా మేనత్త వాళ్ళ ఊళ్ళోనే గడిచాయి. ఇంటి దగ్గర అమ్మకి నెలలు నిండవస్తున్నాయి. అల్లరి చేసే పిల్ల ఎదురుగా లేకపోతే ఆవిడ కాస్త విశ్రాంతిగా ఉంటుందని నన్ను అక్కడికి పంపించారు. మాది రాయచూరు అవతల కన్నడ సీమలో, జవళగేర దగ్గర కాలవ కింద ఒక క్యాంపు. కోస్తా నుంచి వచ్చి తుంగభద్ర నీళ్ళ కింద వరి పండించుకునే మాబోటి వాళ్ళు పొలాల మధ్యనే ఇళ్ళు కట్టుకుని ఉండేవాళ్ళు. అలాంటి చిన్న చిన్న ఊళ్ళని ఇప్పటికీ క్యాంపులనే అంటారు.

సెలవులు అయిపోవస్తుండగా నన్ను తీసుకెళ్ళడానికి మా తాతయ్య వచ్చాడు. వస్తూనే తమ్ముడు పుట్టాడన్న కబురు చెప్పాడు. తమ్ముడు ఎలా ఉన్నాడని అడిగితే, కళ్ళు మూసుకుని పిడికిళ్ళు బిగించి చూపించి, ఇదిగో ఇలా ఉన్నాడన్నాడు. మా తాతయ్య ముఖం నిండా చిన్న చిన్న గుంటలుండేవి. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న ముఖం కాబట్టి అవి ఎందుకున్నాయో అడగాలని నాకెప్పుడూ తోచలేదు. మా తాతయ్య ముఖం అలా ఉంటుంది, అంతే.

బయల్దేరిన పొద్దున నాకు ఒళ్ళంతా నొప్పులుగా ఉంది. ఎండలో తిరిగి వేడి చేసిందని అత్త మజ్జిగ తాగించి పంపింది. రాయచూరు వెళ్ళే బస్సు కిక్కిరిసి ఉంది. ఎలాగో మా ఇద్దరికీ చోటు దొరికింది. నా పక్కన కడుపుతో ఉన్న ఒకావిడ కూర్చుంది. బస్సు తుంగభద్ర వంతెన దాటుతుండగా నాకు చలి మొదలైంది. బయట ఎండ మండిపోతుంటే నా పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. అది చూసి ఆవిడ ఏమీ అడక్కుండా నా తల తన ఒళ్ళో పెట్టుకుని, కొంగు కప్పింది. ఆ ఒళ్ళో మా అమ్మ దగ్గర ఉన్నట్టే ఉంది. కళ్ళు మూతలు పడ్డాయి.

తాతయ్య నా నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. తర్వాత జడ పక్కకి తీసి మెడ చూశాడు. గౌను కాలరు కాస్త వెనక్కి లాగి వీపు చూశాడు. అంతే, ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. నాకు కనిపించలేదు కానీ, నా వీపు మీద ఆ చెయ్యి వణకడం తెలిసింది. మరుక్షణం రెండు చేతులతో నన్ను ఆవిడ ఒళ్ళోంచి లాగేశాడు. అంత మొరటుగా ఆయన నన్నెప్పుడూ పట్టుకోలేదు. నాకు ఏడుపొచ్చింది.

"అమ్మా, నీకు చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా?" అని ఆవిడని అడిగాడు.

ఆవిడ బిత్తరపోయి, "పోసిందనే మా అమ్మ చెప్తది," అంది.

"అయినా ఊరికి పోగానే డాక్టరుకి చూపించుకో తల్లీ. ఇలా ఒక పిల్ల పక్కన కూర్చున్నానని చెప్పు," అన్నాడు తాతయ్య. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి ముందుకి వెళ్ళిపోయింది. వెళ్తూ నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, భయమే ఉంది. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

మా వెనక సీట్లో ఉన్న ఒకాయనకి సంగతి అర్థమైంది. ముందుకి వంగి గొంతు తగ్గించి, "శాలువ కప్పి కూసోబెట్టు పెద్దాయనా. రాయచూరు ఎంత దూరముంది, ఎవరికి తెలుస్తది?" అన్నాడు. ఆయన మా మేలు కోరే అన్నాడు. నాకైతే ఆ మాట ఎంతో నచ్చింది. శాలువ కప్పుకుంటే ఇంటికి వెళ్ళిపోతాం. రాయచూర్లో ఇంకో బస్సెక్కితే మాన్వి, అది దాటితే జవళగేర. సాయంత్రానికల్లా అమ్మ దగ్గరుంటాను. తాతయ్య చెయ్యి పట్టుకుని చెప్పొద్దని బతిమాలాను.

తాతయ్య లేచి నిలబడ్డాడు. బస్సు ఊపుకి పడిపోకుండా పైన కడ్డీ పట్టుకుని, అందరికీ వినబడేలా చెప్పాడు.

"అయ్యా, మా మనవరాలికి ఒంటి మీద పోస్తోంది. ఏదో ఇంకా తెలీదు. పసిపిల్లల్ని కాస్త ముందుకి తీసుకెళ్ళండి. కిటికీలన్నీ తెరవండి. ఊరు రాగానే మేం దిగిపోతాం."

బస్సులో ఒక్కసారిగా గోల మొదలైంది. అవి మశూచి అనే పేరు వింటేనే జనం వణికిపోయే రోజులు; ఆ పేరు పలకలేక దాన్ని పెద్దదనీ, ఆటలమ్మని చిన్నదనీ అనేవాళ్ళు. ఇప్పుడే, ఇక్కడే దింపేయమని ఒకాయన డ్రైవరు మీద కేకలేశాడు. బయట చూస్తే రెండువైపులా ఎండిపోయిన నల్లరేగడి చేలు, మనిషి జాడ లేదు. కండక్టరు కన్నడాయన. ముఖం పాలిపోయి ఉంది, అయినా గొంతు గట్టిగానే ఉంది. "పిల్లను ఎండల ఎట్ల దింపేది? యరగేర వస్తది, అక్కడ దవాఖాన ఉంది. అజ్జా, మీరు వెనక సీటుకు రండి," అన్నాడు. వెనక సీటు వాళ్ళు మేం రాకముందే ఖాళీ చేసేశారు. అంత కిక్కిరిసిన బస్సులో ఆ పొడుగాటి సీటు మీద మేమిద్దరమే కూర్చున్నాం. మిగతా బస్సంతా మా వైపు వీపు పెట్టి నిలబడింది.

యరగేరలో దిగాం. బస్సు దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది. అది కనబడకుండా పోయేదాకా చూస్తూ నేను ఏడుస్తూనే ఉన్నాను. ఇంటికి తీసుకెళ్ళే బస్సుని తాతయ్యే చేతులారా పంపించేశాడనిపించింది. ఆ ఊళ్ళో మాకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు.

దవాఖాన రోడ్డుకి కాస్త లోపల ఉంది. తాతయ్య నన్ను గేటు బయట వేపచెట్టు నీడలో కూర్చోబెట్టి, తను వాకిలి దాకా వెళ్ళి బయటి నుంచే కబురు చెప్పాడు. డాక్టరు పక్క ఊరు వెళ్ళారు, వచ్చేస్తారన్నారు. ఎదురుచూస్తుండగా ఎదురింట్లోంచి ఒక అక్క బయటికొచ్చింది. మా అమ్మ వయసుంటుంది.

"ఏంది పెద్దాయనా, బిడ్డ గిట్ల వణుకుతున్నది? జ్వరమా?" అంటూ మా వైపు రాబోయింది.

తాతయ్య అరచెయ్యి ఎత్తి ఆపాడు. "దగ్గరికి రాకమ్మా. ఒంటి మీద పోసింది. పెద్దదో చిన్నదో తెలీదు."

ఆ అక్క ఉన్నచోటే ఆగిపోయింది. తర్వాత వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయింది. అందరిలాగే ఈవిడా పోయిందనుకున్నాను. నా నోరు ఎండిపోతోంది. కాసేపటికి ఆవిడ ఒక చెంబుతో నీళ్ళు తెచ్చి, మాకూ తనకూ మధ్యలో నేల మీద పెట్టి మళ్ళీ వెనక్కి జరిగింది.

"నాకు ఆటలమ్మ చిన్నప్పుడే పోసింది. పెద్దదైతే మాత్రం నాకు భయమే. డాక్టరు చూసేదాంక గీడనే నిలబడ్త, ఏమనుకోకు," అంది.

"అనుకోవడానికేముందమ్మా, నీళ్ళిచ్చావు," అన్నాడు తాతయ్య. నేను ఆ చెంబుడు నీళ్ళూ గటగటా తాగేశాను.

డాక్టరు సైకిలు మీద వచ్చారు. నన్ను లోపలికి రానివ్వకుండా, ఆ చెట్టు కిందే వెలుతుర్లో నిలబెట్టి చూశారు. పొట్ట చూశారు, వీపు చూశారు, అరచేతులు తిప్పి చూశారు, నోరు తెరిపించారు. ఆయన చూస్తున్నంతసేపూ నేను తాతయ్య ముఖమే చూస్తున్నాను. ఆ గుంటలన్నిటిలోనూ చెమట నిలిచి ఉంది. అప్పుడే మొదటిసారి నాకు అనుమానమొచ్చింది. తాతయ్య ముఖం అలా ఎందుకుందో, నా ముఖం ఏమవబోతోందో.

డాక్టరు కన్నడంలో చెప్పారు. తాతయ్యకి కొంత అర్థమైంది, మిగతాది ఆ అక్క తెలుగులో చెప్పింది. ఇది పెద్దది కాదు, ఆటలమ్మే. పిల్ల ప్రాణానికి భయం లేదు, కానీ గాలికే అంటుకుంటుంది. తాతయ్య అక్కడే నేల మీద కూలబడి, కండువాతో ముఖం తుడుచుకున్నాడు. అప్పుడు డాక్టరు ఇంట్లో ఎవరెవరున్నారని అడిగారు. కోడలు బాలింత, చంటిబిడ్డకి ఇంకా నెల నిండలేదన్నాడు తాతయ్య.

డాక్టరు ముఖం మారిపోయింది. పసికందుకి ఇది సోకితే చాలా ప్రమాదమన్నారు. వచ్చిన పొక్కులన్నీ ఎండి, పెచ్చులు కట్టి, కొత్తవి రావడం ఆగేదాకా ఆ ఇంట్లో ఈ పిల్ల అడుగు పెట్టకూడదని చెప్పారు. గోళ్ళు తీసేయమన్నారు, గోకనివ్వొద్దన్నారు, నీళ్ళు బాగా తాగించమన్నారు. అవన్నీ నాకు లీలగా గుర్తున్నాయి. బాగా గుర్తున్నది ఒకటే. అప్పటిదాకా నాకేమవుతుందోనని భయపడ్డాను. ఇప్పుడు నా వల్ల తమ్ముడికి ఏమవుతుందోనన్న భయం వచ్చి దాని పక్కన కూర్చుంది. ఇంకా చూడనైనా చూడలేదు వాణ్ణి.

ఆ అక్క మమ్మల్ని తన పశువుల కొట్టంలోకి తీసుకెళ్ళింది. "ఇంట్ల చిన్నపిల్లలున్నరు, లోపలికి పిలువలేను," అని ముందే చెప్పింది. కొట్టంలో ఒక పక్క ఊడ్చి, మంచం వాల్చి, జొన్న గంజి పెట్టింది. నన్ను పడుకోబెట్టి తాతయ్య రోడ్డు మీదికి వెళ్ళాడు. బస్సు ఎక్కకూడదు. మా ప్రాంతం నుంచి ధాన్యం వేసుకొచ్చి ఖాళీగా తిరిగి వెళ్ళే లారీలు ఆ దారినే పోతాయి. వాటిలో ఏదైనా ఆగుతుందేమోనని ఆయన ఆశ.

కొట్టంలోంచి రోడ్డు కనబడుతూనే ఉంది. ఒక లారీ వచ్చింది. తాతయ్య చెయ్యెత్తాడు, ఆగింది. ఆయన తలుపుకి దూరంగా నిలబడి ఏదో చెప్పాడు. లారీ వెళ్ళిపోయింది. తాతయ్య దానికి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు. ఇంకొకటి వచ్చింది. అదీ ఆగింది, అదీ వెళ్ళిపోయింది. దానికీ దణ్ణం పెట్టాడు. ఇలా ఎన్ని లారీలు పోయాయో. పొద్దు నడినెత్తి నుంచి వాలిపోతోంది. నా ఒంటి మీద కొత్త పొక్కులు లేస్తున్నాయి. ఇక మేం ఇల్లు చేరమనీ, ఈ కొట్టంలోనే ఉండిపోతామనీ నాకు ఖాయంగా అనిపించింది.

తాతయ్య నీళ్ళకోసం వచ్చినప్పుడు ఆ అక్క ఉండబట్టలేక అడిగేసింది. "ముందుగాలే అట్ల చెప్తే ఎవరు ఎక్కించుకుంటరు పెద్దాయనా? ఎక్కినంక చెప్పరాదా?"

"ఎక్కాక చెబితే ఆయనకి కాదనే వీలుండదు కదమ్మా," అన్నాడు తాతయ్య.

వెళ్ళిపోయినవాళ్ళకి దణ్ణం ఎందుకు పెడుతున్నావని నేను ఉక్రోషంగా అడిగాను. ఆయన చెంబు కింద పెట్టి, వాళ్ళిళ్ళలోనూ నీ తమ్ముడంతటి వాళ్ళు ఉంటారు కదమ్మా అని మాత్రం అని, మళ్ళీ రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు.

చివరికి ఒక లారీ ఆగి, వెళ్ళిపోలేదు. డ్రైవరు కిందికి దిగి తాతయ్యతో కాసేపు మాట్లాడాడు. నేను మంచం మీద లేచి కూర్చున్నాను. ఇద్దరూ కొట్టం వైపు వస్తున్నారు. డ్రైవరు గడ్డం నెరిసిన సాయిబు, సింధనూరు వెళ్తున్నాడట. నన్ను చూసి నవ్వి, "నాకు చిన్నప్పుడే అయింది చాచా. మా ఇంట్ల అందరికీ అయిపోయింది. వెనక ఖాళీ సంచులున్నయి, పరుచుకుని పడుకోబెట్టు. గాలి తగుల్తది. ఏం పరేషాన్ కాకు," అన్నాడు. ఆ అక్క ఒక పాత చీర తెచ్చి, నాకు కప్పమని ఇచ్చింది. అది తిరిగివ్వక్కర్లేదంది.

లారీ వెనక గోనె సంచుల మీద నేను, నా తల దగ్గర తాతయ్య. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. రాయచూరు ఊరి చప్పుళ్ళు వినిపించి వెనక్కి పోయాయి. నేను చచ్చిపోతానా తాతయ్యా అని అడిగాను. అంతవరకూ ఆ మాట అడగడానికి ధైర్యం చాల్లేదు.

"డాక్టరు గారు కాదన్నారు. నేనూ కాదనే అనుకుంటున్నా. భయమేస్తే నా చెయ్యి పట్టుకో. నాకూ భయంగానే ఉంది," అన్నాడు.

పెద్దవాళ్ళకి భయమేస్తుందని నాకు అప్పటిదాకా తెలీదు. ఆయన చెయ్యి పట్టుకున్నాను. అలా నా చెయ్యి పట్టుకునే, మాన్వి వచ్చేదాకా, ఆయన తన చెల్లెలి సంగతి చెప్పాడు. ఆయనకి నా అంత వయసప్పుడు వాళ్ళింటికి దూరపు చుట్టాలు వచ్చారట. వాళ్ళలో ఒక పిల్లకి ఒంట్లో బాగాలేదు. ప్రయాణం బడలిక అన్నారట. గదిలో దుప్పటి కప్పి పడుకోబెట్టారట. మూడోనాడు దుప్పటి తీస్తే ముఖమంతా పోసి ఉంది. అది పెద్దది. ఆ పిల్ల బతికింది. మా తాతయ్య ఈ ముఖంతో బతికాడు. ఆయన చెల్లెలు మాత్రం బతకలేదు. అప్పుడే మాటలు నేర్చుకుంటున్న పిల్లట.

వాళ్ళ మీద నీకు కోపం లేదా అని అడిగాను. "చాలా ఏళ్ళు ఉండేది. తర్వాత తెలిసింది, వాళ్ళదీ భయమేనమ్మా. దారిలో ఎవరు దింపేస్తారో, ఎవరు గడప తొక్కనివ్వరో అని భయపడి దాచారు," అన్నాడు.

పొద్దు గుంకుతుండగా లారీ మా కాలవ గట్టు దగ్గర ఆగింది. మా చేలో పంపుసెట్టు పక్కన చిన్న పాక ఉండేది. తాతయ్య నన్ను ఇంటికి కాకుండా అందులోకి తీసుకెళ్ళాడు. క్యాంపు వైపు వెళ్ళే ఒకాయనకి దూరం నుంచే కేకేసి కబురు చెప్పాడు. కాసేపటికి కాలవకి అవతలి గట్టు మీద నాన్న, నాన్న వెనకే అమ్మ వచ్చారు. బాలింత తలగుడ్డ కట్టుకుని, తడబడుతూ నడిచి వస్తోంది. అమ్మని చూడగానే నేను లేచి నీళ్ళ వైపు పరుగెత్తాను. తాతయ్య నడుము పట్టుకుని ఆపాడు. గింజుకున్నాను, కొరికాను కూడా. అవతల అమ్మని నాన్న పట్టుకున్నాడు.

అమ్మ ఏడుపు ఆపుకుని, గొంతు పెంచి, "అక్కడే ఉండు తల్లీ. నేను ఎక్కడికీ పోను. ఇదిగో, ఇక్కడే కూచుంటున్నా," అంది. అన్నట్టే ఆ గట్టు మీద గడ్డిలో కూర్చుంది. ఇటు నేను కూర్చున్నాను. మధ్యన కాలవ. నేను యరగేర సంగతులన్నీ అరిచి చెప్పాను, ఆవిడ వింది. తమ్ముడికి పాలవేళయ్యేదాకా కూర్చుని వెళ్ళింది.

పాకలో ఉన్నన్నాళ్ళూ అమ్మ రోజూ అలా వచ్చి కూర్చునేది. నాన్న అన్నం గట్టు మీద పెట్టి వెళ్తే తాతయ్య తెచ్చుకునేవాడు. దురదకి నేను ఏడుస్తుంటే వేపమండతో మెల్లగా నిమిరేవాడు. పెచ్చులన్నీ రాలిపోయి, డాక్టరు చెప్పినట్టు కొత్తవి రావడం ఆగాక, స్నానం చేయించి కొత్త గౌను వేసి నన్ను ఇంటికి తీసుకెళ్ళారు. తమ్ముడు ఉయ్యాల్లో నిద్రపోతున్నాడు. వాడికి ఏమీ కాలేదు. అమ్మ నన్ను గట్టిగా పట్టుకుని, చాలాసేపు వదల్లేదు.

ఇప్పుడు నాకు ఆనాటి తాతయ్య వయసుంది. సింధనూర్లో మనవల మధ్య ఉంటున్నాను. కొన్నేళ్ళ కిందట, దగ్గు వినబడితే జనం దూరం జరిగే రోజుల్లో, మాన్వి నుంచి ఇంటికి బయల్దేరాక నాకు జ్వరం తగిలింది. ఆటో మాట్లాడుకునేటప్పుడు ఎక్కడికో చెప్పడానికి ముందు నాకు జ్వరమని చెప్పాను. ఇద్దరు కాదని వెళ్ళిపోయారు. మూడో అతను ముక్కుకి గుడ్డ కట్టుకుని, పక్కల పరదాలు ఎత్తి కట్టి, రమ్మన్నాడు. ఎండలో నిలబడ్డంతసేపూ నాకు భయంగానే ఉంది. ఈ వయసులో రోడ్డు పక్కన ఒంటరిగా పడిపోతానేమోనని.

భయం లేనివాళ్ళే నిజం చెప్పగలరని చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోను. ఆ రోజు కడ్డీ పట్టుకుని బస్సులో నిలబడ్డ మా తాతయ్యకి నాకంటే ఎక్కువ భయం. ఆ చెయ్యి వణకడం నా వీపుకి తెలుసు. వణుకుతూనే చెప్పాడు. నాకు ఆయన దగ్గర్నుంచి వచ్చినదల్లా అదే. ధైర్యం కోసం ఎదురుచూడకుండా, వణుకుతున్నప్పుడే, ఎదుటివాడికి కాదనే వీలుండగానే చెప్పేయడం.